ఫలానా ఇంటామె

మా ఊళ్ళో వాన రాకపోతే విరాటపర్వం చదివించేవాళ్ళు. తాడిమర్రి వైపు, చిత్రావతికి అంత దూరం కాని ఊరు మాది. ఆషాఢం పోయి శ్రావణం వచ్చినా వేరుశనగ విత్తనం మూటల్లోనే ఉందంటే, ఊరి పెద్దలు రామాలయం అరుగు మీద దీపం పెట్టి, పద్యం చదవగలిగిన ఒకాయన్ని కూర్చోబెట్టేవాళ్ళు. మేం మాలవాడ పిల్లలం, అరుగు దాకా పోకూడదు. దారికి ఇవతల చింతచెట్టు కింద నిలబడితే రాగం వినపడేది, మాట తెలిసేది కాదు. ఆ రోజుల్లోనే మా అమ్మా వాళ్ళు రోకలికి వేపమండలు చుట్టి, మధ్యలో తడిగుడ్డలో కప్పను కట్టి, ఇంటింటికీ తిరిగేవాళ్ళు. ఇల్లాలు బయటికొచ్చి కప్ప మీద చెంబెడు నీళ్ళు పోసి, చేటలో గుప్పెడు గింజలు వేసేది. మగవాళ్ళది పుస్తకం, ఆడవాళ్ళది కప్ప. వాన పడితే మాత్రం పేరు పుస్తకానికే వచ్చేది.

నలభై ఏళ్ళ తర్వాత, డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరై, అనంతపురంలో ఇంటి పట్టున ఉన్నప్పుడు ఈ సంగతి మళ్ళీ గుర్తొచ్చింది. గుర్తు చేసింది ఒక యూదుల గ్రంథం. తాల్ముద్‌లో 'తానీత్' అనే భాగం ఉంది. తానీత్ అంటే ఉపవాసం. వాన రాకపోతే ఏం చెయ్యాలనేదే అందులో ముఖ్యమైన విషయం. కరువు నేల మీద పుట్టిన నాకు ఆ మాట చాలు కదా, మిగతాది ఎంత కష్టమైనా చదవడానికి!

తెలియనివారి కోసం కొంచెం చెప్తాను. క్రీస్తుశకం 70లో రోమన్లు యెరూషలేము దేవాలయాన్ని కూల్చేశాక, గుడి లేకుండా మిగిలిన జనం తమ కట్టుబాట్లను చర్చలుగా మార్చుకుని బతికించుకున్నారు. 200 ప్రాంతంలో కూర్చినది మిష్నా. దాని మీద తరాల తరబడి సాగిన వాదోపవాదాలు గెమారా. రెండూ కలిస్తే తాల్ముద్. పాలస్తీనాలో ఒకటి తయారైంది, బాబిలోనియాలో ఇంకొకటి. రెండోది పెద్దది, 2711 ఆకులు. పొలం గట్టు తగాదా దగ్గర్నుంచి విడాకుల కాగితం దాకా, కలల దగ్గర్నుంచి కడుపునొప్పి దాకా అందులో లేని విషయం లేదు. నాకు బాగా నచ్చింది ఒకటుంది. వాదంలో ఓడిపోయినవాడి మాటను కూడా చెరిపెయ్యకుండా రాసి పెట్టుకున్నారు. ఓడిపోయిన ఆడదాని మాట రాశారా అనేది నేను చదువుతూ వెతుక్కున్న విషయం.

తెలుగులో వెతికాను, నాకు దొరకలేదు. మొదటిసారి ఈ సంపుటాలను చూసింది 1990లలో, బెంగుళూరులో ఒక వేదాంత కళాశాల గ్రంథాలయంలో. ఇసిడోర్ ఎప్‌స్టైన్ సంపాదకత్వంలో 1935-52 మధ్య లండన్‌లో సోన్సినో ప్రెస్ వేసిన ఇంగ్లీషు అనువాదం. అక్కడ కూర్చున్నాయన నన్ను పైకీ కిందికీ చూసి "పాస్టరమ్మ గారా?" అన్నాడు. కాదన్నాను. "మరెందుకు మీకివి?" అన్నాడు. చింతచెట్టు కింద నుంచి నేను పెద్ద దూరమేం రాలేదనిపించింది ఆ పూట. పుస్తకం మాత్రం ఇచ్చాడు, పాపం. రెండు గంటలు కూర్చున్నాను. ఏమీ అర్థం కాలేదు. ప్రతి వాక్యం మధ్యలో మొదలై మధ్యలోనే ఆగిపోయినట్టుంది. గురువు పక్కన లేకుండా చదవడానికి రాసిన గ్రంథం కాదది.

2017లో ఆదిన్ స్టైన్‌సాల్ట్జ్ అనువాదం, ఆ వాక్యాల మధ్య ఖాళీలు పూరించి చెప్పేది, సెఫారియా వాళ్ళు ఫోనులో ఉచితంగా చదువుకునేలా పెట్టారు. ఆయన 1965లో మొదలుపెట్టి 2010లో ముగించిన పని అది. మూలం పక్కనే ఉంటుంది. నాకు అరమాయిక్ రాదు. హీబ్రూ అక్షరాలు కూడబలుక్కుని, నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక మాట ఎక్కడెక్కడ వచ్చిందో చూసుకోగలను, అంతే. ఆ కాస్త పరిజ్ఞానంతోనే తానీత్ నుంచి నాలుగైదు కథలు తెలుగు చేద్దామని కూర్చున్నాను. ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంట్లో ఐదుగురం కూర్చుని ఏదో ఒకటి చదువుకునే అలవాటుంది. నర్సుగా రిటైరైనావిడ ఒకరు, దర్జీ పని చేసే ఆవిడ ఒకరు, అంగన్‌వాడీ టీచరు ఒకరు, మా పిన్ని కూతురు, నేను. వాళ్ళకి చదివి వినిపించాలని నా ఆశ.

మొదటి మాట దగ్గరే కలం ఆగింది. 'తోరా'ని ఏమనాలి?

మన తెలుగు బైబిలులో దానికి 'ధర్మశాస్త్రము' అని ఉంది. చిన్నప్పట్నుంచి ఆదివారం బడిలో విని విని ఆ మాటకు అలవాటు పడిపోయాం. కానీ ఈ దేశంలో ధర్మశాస్త్రం అంటే ఏది? మనుస్మృతి. శూద్రుడికీ స్త్రీకీ వేదం వద్దన్న సంప్రదాయం. క్రీస్తు కాలపు లేఖకులను తెలుగు బైబిలు 'శాస్త్రులు' అంది. శాస్త్రులూ పరిసయ్యులూ అని ఒక్క ఊపిరిలో తిట్టడం మాకు ప్రసంగాల్లో నేర్పారు. ఆ 'శాస్త్రులు' అనే మాట విన్నప్పుడల్లా నా బాల్య మనసులో మెదిలింది యూదుడు కాదు, అరుగు మీద దీపం ముందు కూర్చున్న మా ఊరాయన! అనువాదకులు ఆనాటి పాఠకులకు తెలిసిన మాటే వాడారు, వాళ్ళని తప్పుపట్టడం తేలిక. కానీ ఒక్కో మాటతో ఎంత సామాను వచ్చిందో చూడండి. రోమన్ల కాళ్ళ కింద నలిగి, ఆ తర్వాత యూరప్‌లో శతాబ్దాల తరబడి వెలివాడల్లో బతికిన జనం గ్రంథాన్ని మేం పైకులం పుస్తకంలాగా చూడటం నేర్చుకున్నాం. 1242లో పారిస్‌లో ఈ తాల్ముద్‌నే బండ్లకొద్దీ తెచ్చి నడివీధిలో తగలబెట్టారని నేను ముసలితనంలో చదివి తెలుసుకున్నాను.

లేవీయకాండంలో ముట్టు గురించి 'కడగా' ఉండటం అని తెలుగు చేశారు. అంటుముట్టు పాటించే ఇంటి మాట అది. మడకశిర వైపు గొల్లహట్టుల్లో ముట్టయిన ఆడపిల్లను ఊరి బయట గుడిసెలో ఉంచే ఆచారం ఎరిగినవాళ్ళకి ఆ మాట ఎలా వినపడుతుంది? అక్కడా స్త్రీలకు మేలేమీ లేదులెండి. తాల్ముద్‌లో శుద్ధి అశుద్ధాల విభాగం పెద్దది. అందులో బాబిలోనియా గెమారా ఉన్నది ఒక్క దానికే, అది ముట్టు గురించిన 'నిద్దా'. గుడి పోయింది, గుడికి సంబంధించిన శుద్ధి అంతా కాగితాల్లో మిగిలిపోయింది. ఆడదాని ఒంటి మీదున్న నియమం మాత్రం కొనసాగింది. ఇది ఒక్క యూదుల సంగతేనా?

నేను 'తోరా'కి 'చదువు' అని పెట్టి చూశాను. దేవుడు కొంచెం పక్కకు జరిగినట్టయింది, నిజమే. కానీ కొన్ని చోట్ల కిటికీ తెరిచినట్టయింది. సోతా అనే భాగంలో ఒక వాదన ఉంది. కూతురికి తోరా నేర్పడం తండ్రి బాధ్యత అని బెన్ అజ్జాయి అంటాడు. నేర్పినవాడు ఆమెకి చెడుతిరుగుడు నేర్పినట్టే అని రబ్బీ ఎలీయెజెర్ అంటాడు. పాలస్తీనా తాల్ముద్‌లో ఈయనే ఇంకో అడుగు ముందుకేసి, ఆ మాటలు ఆడవాళ్ళ చేతికి పోవడం కంటే కాలిపోవడం మేలంటాడు. తోరా బదులు చదువు అని పెట్టి చదివితే, మా అంగన్‌వాడీ టీచరు ఫక్కున నవ్వింది. "మా నాయనా ఇదే అన్నె గదా మేడమ్, పదో తరగతికి పంపేటప్పుడు!"

ఈ ఎలీయెజెర్ గారి ఇల్లాలి పేరు ఇమ్మా షాలోమ్. పేరు మిగిలిన కొద్దిమందిలో ఆమె ఒకతె. ఒక వాదంలో మిగతా పండితులు ఎలీయెజెర్‌ని వెలివేస్తారు, వెలివేసినవారి పెద్ద ఆమె తోడబుట్టినవాడు. మనసు గాయపడ్డవాడి మొరకు ఆకాశంలో ఏ తలుపూ అడ్డుండదని ఆమెకు తాతగారింట విన్న పాఠం ఉంది. అందుకని భర్తను సాష్టాంగపడి మొరపెట్టుకోనివ్వకుండా రోజూ కాపలా కాస్తుంది. ఒకరోజు గుమ్మంలోకి బిచ్చగాడు వస్తాడు. రొట్టె పెట్టడానికి లేచి వెళుతుంది. తిరిగొచ్చేసరికి భర్త నేల మీద ఉన్నాడు. నా అన్నను చంపేశావు, లే అంటుంది. బాకా ఊది అతని చావు వార్త చెప్తారు. ఆడవాళ్ళకి చదువెందుకన్న మనిషి ఇంట్లోనే, అతనికంటే ముందు ఫలితం తెలిసిన చదువు ఆమె దగ్గరుంది. గుమ్మంలో రొట్టె పెట్టే ఆ చెయ్యిని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇక తానీత్. శరదృతువులో ఫలానా తేదీ దాటినా చినుకు పడకపోతే ముందు కొందరు ఉపవాసం ఉంటారు. తర్వాత ఊరంతా మూడు, మళ్ళీ మూడు, ఆ తర్వాత ఏడు, మొత్తం పదమూడు ఉపవాసాలు. తోరా పెట్టెను ఊరి నడిబొడ్డుకు తెచ్చి దాని మీద బూడిద చల్లుతారు. అప్పటికీ రాకపోతే ఇళ్ళు కట్టడం, పెళ్ళిళ్ళు కుదుర్చుకోవడం, చివరికి ఒకరినొకరు పలకరించుకోవడం కూడా తగ్గించుకోవాలి. పలకరింపులు తగ్గించడం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కరువులో మా ఊరు అలాగే ఉండేది, ఎవరూ చెప్పకుండానే.

వాన భూమికి మొగుడని ఒక రబ్బీ అంటాడు. వాన కురవని ఆకాశాన్ని, నొప్పులు పడుతూ కాన్పు కాని ఆడదానితో పోలుస్తాడు ఇంకొకాయన. వాన తాళంచెవి, కాన్పు తాళంచెవి, చచ్చినవాళ్ళను లేపే తాళంచెవి, ఈ మూడూ దేవుడు ఎవరి చేతికీ ఇవ్వడట. మా అవ్వ మంత్రసాని. ఆ రెండో తాళంచెవి సంగతి వింటే నవ్వేదే! ఆడదాని ఒళ్ళు పోలికకు పనికొచ్చినంతగా ఆడమనిషి చర్చకు పనికి రాలేదనేది ఎవరైనా చెయ్యగలిగిన విమర్శ. నేనూ అదే రాసి ఊరుకునేదాన్ని, 23వ ఆకు దగ్గరికి రాకపోతే.

ఆ ఆకు హోనీ అనే అతనితో ప్రసిద్ధం. నేల మీద గిరిగీసుకుని అందులో నిలబడి, వాన పడేదాకా కదలనని దేవుడితో మొండికేసినవాడు. చినుకులు పడితే ఇది కాదు, గుంతలు నిండే వాన కావాలంటాడు. కుంభవృష్టి వస్తే ఇదీ కాదంటాడు. లోకంలో ఎక్కువమంది ఈ కథ చెప్పుకుంటారు. రోజుకొక ఆకు చొప్పున ప్రపంచమంతా ఒకేసారి చదివే పద్ధతి ఒకటి యూదుల్లో 1923లో మొదలైంది. ఇప్పటి ఆవృత్తి మొదలైంది 2020 జనవరి 5న. ఆ రోజే యెరూషలేములో, అంతకు ముందరి ఆవృత్తి ముగింపును స్త్రీలు తమ సభగా జరుపుకున్నారు. ఆ లెక్కలో తానీత్ వంతు 2021 నవంబరు మధ్యలో వచ్చింది. నేనూ వాళ్ళతో పాటే చదువుతున్నాను. సరిగ్గా ఆ వారమే సీమలో కుండపోత. పెన్నా, చిత్రావతి పొంగాయి, 19న కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఏ ఆపదకైనా బాకా ఊది మొరపెట్టుకోవచ్చు గానీ వాన ఎక్కువైతే మాత్రం వద్దని మిష్నా నియమం. కట్ట తెగిన ఊళ్ళ ముందు ఆ నియమం చదవలేక ఫోను పక్కన పెట్టేశాను.

హోనీ మనవడు అబ్బా హిల్కియా కథ నా కథ. కరువొస్తే పండితులు ఇద్దరిని అతని దగ్గరికి పంపుతారు. అతను పొలంలో తవ్వుకుంటూ ఉంటాడు. పలకరిస్తే తిరిగి చూడడు. సాయంత్రం కట్టెలు ఏరుకుని ఒక భుజాన వేసుకుని, పైబట్ట రెండో భుజాన వేసుకుంటాడు. దారంతా చెప్పుల్లేకుండా నడిచి, నీళ్ళలో దిగేటప్పుడు చెప్పులేసుకుంటాడు. ముళ్ళొచ్చిన చోట బట్ట పైకెత్తుకుంటాడు. ఊరి మొగదల భార్య సింగారించుకుని ఎదురొస్తుంది. ఇంట్లోకి ముందు ఆమెను పంపి, తర్వాత తను పోయి, చివరికి అతిథుల్ని రానిస్తాడు. రొట్టె తింటూ వాళ్ళను రమ్మనడు. పెద్దకొడుక్కి ఒకటి, చిన్నకొడుక్కి రెండు పెడతాడు. తర్వాత భార్యతో మెల్లగా, వీళ్ళు వాన కోసం వచ్చారు, మనం మిద్దెక్కి అడుగుదాం, వానొస్తే మన వల్లేనని చెప్పుకోవద్దు అంటాడు. మిద్దె మీద ఒక మూల అతను, ఒక మూల ఆమె. మబ్బు ముందుగా ఆమె మూల నుంచి లేచింది.

పండితులకు ఇదంతా వింత. ఒక్కొక్కటే అడుగుతారు. అతను దినకూలి, పలకరింపులకు ఆగితే యజమాని పొద్దు దొంగిలించినట్టు. పైబట్ట ఎరువు తెచ్చుకున్నది, కట్టెలు మొయ్యడానికి కాదు. ఒళ్ళు చీరుకుంటే మానుతుంది, బట్ట చీరితే మానదు. రొట్టెలు అందరికీ చాలవు, మాటవరసకి రమ్మనడం ఎందుకు?

మా వాళ్ళకు ఇందులో వింతేమీ కనిపించలేదు! ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది ఈ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. అప్పట్నుంచి కరువు పనికి పోయిన చేతులు మా గుంపులో రెండున్నాయి. "పని మీదున్నప్పుడు పలకరిస్తే యాడ పలుకుతాడు మేడమ్, మేస్త్రీ చూస్తే మస్టర్‌లో కొట్టేయడూ?" అంది దర్జీ ఆవిడ. పండితులకు వివరించి చెప్పాల్సి వచ్చింది, కూలివాళ్ళకు అక్కర్లేకపోయింది. ఇది రబ్బీలందరూ మన శాస్త్రుల్లాంటివాళ్ళన్న నా చిన్ననాటి బొమ్మను కూడా చెరిపేసింది. వాన తెచ్చేవాడు పండితుడు కాదు, పండితులు వెతుక్కుంటూ వచ్చిన కూలివాడు.

మబ్బు ఆమె వైపు నుంచి ఎందుకొచ్చిందని చివర్న అడుగుతారు. రెండు జవాబులున్నాయి. ఆమె ఇంటి పట్టున ఉంటుంది, పేదవాడు గుమ్మంలోకొస్తే రొట్టె పెడుతుంది, అది అప్పుడే తినచ్చు. నేనిచ్చేది డబ్బు, దాంతో వాడు మళ్ళీ కొనుక్కోవాలి. ఇది మొదటిది. రెండోది, మా పేటలో దుండగులుండేవాళ్ళు, వాళ్ళు చావాలని నేను మొక్కుకున్నాను, మారాలని ఆమె మొక్కుకుంది.

ఈ రెండు జవాబుల మధ్య ఎంత దూరముందో చూడండి. మొదటిదాంట్లో ఆమె గొప్పతనం ఆమె ఉన్న చోటులో ఉంది. గడప దాటలేదు కాబట్టి పుణ్యం. ఇలాంటి పొగడ్తలు మనకు కొత్త కాదు, ఎన్ని పురాణాల్లో వినలేదు! రెండోదాంట్లో ఆమెకు భర్తతో విభేదించే ఆలోచన ఉంది. చెడ్డవాడు పోవాలా, చెడు పోవాలా అన్న వాదంలో ఆమెది వేరే పక్షం. ఇదే వాదం తాల్ముద్‌లో మరోచోట బెరూరియా అనే పండితురాలి నోట వస్తుంది. ఆమె భర్త రబ్బీ మేయిర్ దుర్మార్గులు చావాలని ప్రార్థిస్తుంటే, కీర్తనలోని మాటను వ్యాకరణంతో సహా విప్పి, పోవాల్సింది పాపమే గాని పాపి కాదని సరిదిద్దుతుంది. అదే భావం. ఒకచోట చదువుకున్న స్త్రీ నోట వాదంగా, ఇంకోచోట పేరు లేని కూలివాడి భార్య ప్రార్థనగా. బెరూరియాకి ఆ తర్వాత పట్టిన గతి కూడా చెప్పాలి. తాల్ముద్‌లో ఆమె 'సంఘటన' అని ఒక ముక్తసరి ప్రస్తావన మాత్రం ఉంది. పదకొండో శతాబ్దపు వ్యాఖ్యాత రాషీ దాని కింద ఒక కథ రాశాడు. ఆడవాళ్ళు తేలిక మనసువాళ్ళన్న మాటను ఆమె వెక్కిరించిందట, భర్త ఒక శిష్యుణ్ణి ఉసిగొల్పి ఆమెను పరీక్షించాడట, లొంగి, సిగ్గుతో ఉరేసుకుందట. చదువుకున్నదాన్ని గ్రంథం వదిలేసినా వ్యాఖ్యానం వదల్లేదు.

నేను రెండో జవాబును మెచ్చుకుంటూ చదివాను, మొదటిదాన్ని చిన్నబుచ్చుతూ. మా నర్సమ్మ ఒప్పుకోలేదు. "డబ్బులిస్తే అంగడి తెరిచుండాల, అంగట్లో బియ్యముండాల. కడుపు కాలేటోనికి గంజి గంజే. ఇంట్లో కూర్చోబెట్టినారని గంజిని తక్కువ చేస్తావేం?" అంది. ధాత కరువు నాటి గంజి మాటలు మా అవ్వల నోట విన్నదాన్ని, నాకు నోరు పెగల్లేదు. ఆవిడే మళ్ళీ ఇంకో మాటంది. "అయినా, నువ్వేం మొక్కుకుంటివమ్మా అని ఆయమ్మను ఎవురన్నా అడిగినారా?" లేదు. ఎవరూ అడగలేదు. మబ్బు ఆమె మూల నుంచి వచ్చినా పండితులు అడిగింది అతన్ని, చెప్పింది అతను. ఇన్నేళ్ళ ఇంగ్లీషు పాఠాలు చెప్పి ఆ సంగతి నేను చూడలేదు. టాల్ ఇలాన్ అనే ఆమె ఈ ఒక్క భాగం మీదే 2008లో స్త్రీవాద వ్యాఖ్యానం వేసిందని తెలుసు. తెప్పించుకోవడానికి నా పెన్షను సరిపోలేదు. మా నర్సమ్మ వ్యాఖ్యానంతోనే గడుపుకుంటున్నాను.

అనువాదంలో నాకు దొరికిన రెండు మాటల గురించి చెప్పాలి. ఈ కథలో ఇంగ్లీషువాళ్ళు 'భార్య' అని పెట్టిన చాలాచోట్ల మూలంలో 'దెబీతు' అని ఉంది. అక్షరాలా 'అతని ఇంటిది'. బేత్ అంటే ఇల్లు. ఇంగ్లీషులో ఇది పూర్తిగా మాయమైంది. తెలుగులో వెతుక్కోవాల్సిన పనే లేదు. ఇల్లాలు. మా వైపు మాటలో ఇంటామె. ఆ మాటలో ఇల్లూ ఉంది, ఇల్లే ఆమె పేరైపోవడమూ ఉంది. 'భార్య' అని రాస్తే చదవడానికి సాఫీగా ఉంటుంది, కానీ మొదటి జవాబులోని ఆ గడప కనపడదు. అందుకే అన్నిచోట్లా ఇంటామె అనే ఉంచాను.

రెండో మాట 25వ ఆకులో ఉంది. హనీనా బెన్ దోసా అని ఇంకో వానల మనిషి, పరమ దరిద్రుడు. అతని ఇంటామె ప్రతి శుక్రవారం సాయంత్రం, ఇంట్లో పిండి లేకపోయినా, పొయ్యి రాజేసి పొగొచ్చేదేదో అందులో వేసేది. మర్నాడు విశ్రాంతిదినం, అందరి ఇళ్ళలో రొట్టెలు కాలుతుంటాయి, తన ఇంట్లో పొగ లేకపోతే సిగ్గు. ఇది ఎవరికి చెప్పాలి? ఉత్త ఎసరు పెట్టి మూత మోగించిన మా అమ్మకు చెప్పాలి. పక్కింట్లో ఒక 'చెడ్డ' ఆడది. వాళ్ళింట్లో ఏమీ లేదని నాకు తెలుసే, ఈ పొగేమిటి అని తలుపు తడుతుంది. ఈమె సిగ్గుతో లోపలి గదిలోకి పోతుంది. పక్కింటామె చూస్తే పొయ్యి నిండా రొట్టెలు, తొట్టి నిండా పిండి. అద్భుతం. వెంటనే కేకేస్తుంది, రొట్టెలు మాడుతున్నాయి, తెడ్డు పట్రా అని. అందుకే లోపలికొచ్చానంటుంది ఈమె.

ఆ కేకలో పక్కింటామె ఈమెను ఏమని పిలిచిందో తెలుసా? 'పెలానీతా, పెలానీతా!' అంటే ఫలానా ఆమే, ఫలానా ఆమే! హీబ్రూ 'పెలోనీ'కీ అరబ్బీ 'ఫులాన్'కీ చుట్టరికం. ఆ అరబ్బీ మాటే పారశీకం, ఉర్దూల మీదుగా మన దగ్గరికొచ్చి 'ఫలానా' అయింది. రోజూ మనం వాడే మాట. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోకుండా ఉంటారా? పిలిచే ఉంటుంది. ఆ పేరును చెప్పినవాళ్ళో రాసినవాళ్ళో మరిచిపోయారు. ఆ ఖాళీలో ఫలానా అని పెట్టారు. హనీనా పేరుంది, అతని తండ్రి పేరుంది. పొగ పెట్టినామె ఫలానా.

ఇంకో అనుమానం. ఆ పక్కింటామె నిజంగా చెడ్డదేనా? వెక్కిరించడానికి వచ్చి ఉండొచ్చు. కానీ రొట్టెలు మాడుతున్నాయని కేకేసింది ఆమే. అద్భుతం జరిగినా అది మాడిపోకుండా చూడటానికి ఒక ఆడమనిషి ముక్కు కావాల్సి వచ్చింది. పాఠం ఆమెను చెడ్డదని ముద్రవేసింది, కథ మాత్రం ఆమెతో మంచి పని చేయించింది. ఈ రెండింటి మధ్య నేను కథ వైపు.

ఈ గ్రంథం తెలుగువాళ్ళకు అంత దూరపుదేమీ కాదని కూడా చెప్పాలి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, మాదిగ క్రైస్తవులుగా ఉన్న కొన్ని కుటుంబాలు 1980ల చివర నుంచి తమను యూదులుగా, ఎఫ్రాయిము గోత్రపు సంతానంగా ప్రకటించుకున్నాయి. షమూయేల్ యాకోబీ, సాదోక్ యాకోబీ అనే అన్నదమ్ములు దీనికి నాయకులు. అక్కడ సమాజమందిరం కట్టుకున్నారు, విశ్రాంతిదినం పాటిస్తున్నారు. యూలియా యెగొరోవా, షాహిద్ పర్వేజ్ వాళ్ళ మధ్య తిరిగి 2013లో ఒక పుస్తకం రాశారు. వాళ్ళు నిజంగా యూదులేనా అని చాలామంది అడుగుతారు. నాకు ఆ ప్రశ్న మీద ఆసక్తి లేదు. గొడ్డుమాంసం తిన్నందుకు అంటరానివాళ్ళన్న జనం, తమ తిండికీ ఆచారానికీ గౌరవం ఉన్న చరిత్ర ఒకటి వెతుక్కోవడం నాకు అర్థమవుతుంది. నా కుటుంబం ఒక పుస్తకంలో వెతుక్కుంది, వాళ్ళు ఆ పుస్తకం వెనకనున్న ఇంకో పుస్తకానికి పోయారు. నా బెంగ ఒక్కటే. కులం దగ్గర తెరుచుకున్న తలుపు, ముట్టు దగ్గర ఆ ఆడవాళ్ళ మీద ఎలా మూసుకుంటుందో! చర్చి మనకు ఇచ్చినదాన్ని గురించి కూడా ఇదే అడగాలి గనక, దీన్ని వాళ్ళ మీద ఫిర్యాదుగా తీసుకోవద్దు.

అనువాదానికి అనువాదం చెయ్యడం దొంగపని అని ఒక మిత్రుడు నిష్ఠూరమాడాడు. అరమాయిక్ వచ్చిన తెలుగు స్త్రీ ఒకరోజు వస్తుంది, నా కాగితాలు చించేస్తుంది, సంతోషమే. అందాకా తెలుగులో చదవాలనుకున్నవాళ్ళు ఏం చెయ్యాలి, చింతచెట్టు కింద నిలబడి రాగం వినాలా?

పోయిన ఆదివారం 'ఫలానా' దగ్గర మళ్ళీ గొడవైంది. పక్కింటామె అలా పిలవదని, మన వైపు 'ఏమ్మే, వదినా!' అని కేకేస్తుందని మా పిన్ని కూతురు పట్టుబట్టింది. వినడానికి అదే సహజం. వదినా అంటే కథలో ప్రాణమొస్తుంది. కానీ పేరు పోయిన జాడ పూడిపోతుంది. ఫలానా అంటే జాడ మిగులుతుంది, కేక చచ్చిపోతుంది. దర్జీ ఆవిడ మిషను తొక్కుతూనే, "ఆయమ్మకి ఒక పేరు పెట్టేద్దాం పోనీ" అంది. అందుకు నేను ఒప్పుకోలేదు. ఆ ఒక్క మాట చోటు ఖాళీగా వదిలి, మిగతాదంతా చక్కగా రాసి పెట్టాను. వచ్చే ఆదివారం మా నర్సమ్మ వస్తానంది, కిందటిసారి ఆమె లేదు.